కీమో నడుస్తున్న ఇంట్లో వంట: సైకిల్‌లో ఏ రోజుకు ఏం పెట్టాలి

క్యాన్సర్‌కు కీమో మొదలవుతుందని తెలియగానే మన సీమ ఇళ్ళలో ముందు మొదలయ్యేది పథ్యం. వంకాయ దురద, గుమ్మడికాయ వాతం, గుడ్డు వేడి, పెరుగు జలుబు, చెనక్కాయలు పైత్యం. ఇవన్నీ పోగా, చక్కెర తింటే గడ్డ పెరుగుతుందని ఎవరో ఫోన్‌లో పంపిన వీడియో చూసి టీలో చక్కెర, జావలో బెల్లం కూడా తీసేస్తారు. చివరికి పళ్ళెంలో మిగిలేది చారన్నం, రెండు ఇడ్లీలు. పేషెంటు ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు నేను మొదట అడిగేది "ఏమేం మానేశారు?" అని. తినేవాటి కంటే ఆ జాబితానే ఎప్పుడూ పొడుగ్గా ఉంటుంది.

కీమో నడిచే నెలల్లో ఇంట్లోవాళ్ళు కాపాడాల్సింది మనిషి బరువును, అందులోనూ కండను. ఒళ్ళు బాగా తగ్గిపోతే మందును తట్టుకోలేరు. డాక్టరు డోసు తగ్గించాల్సి రావచ్చు, తర్వాతి సైకిల్, అంటే తర్వాతి విడత కీమో, వాయిదా పడొచ్చు. పుండ్లు మానాలన్నా, కౌంట్, అంటే రక్తకణాల సంఖ్య, కోలుకోవాలన్నా, ఇన్ఫెక్షన్‌ను తట్టుకోవాలన్నా ప్రొటీన్ కావాలి. కాబట్టి ఏం మానాలన్న ఆలోచన కాసేపు పక్కన పెట్టి క్యాలెండర్ చేతిలోకి తీసుకోండి. చాలా రకాల కీమో 21 రోజులకు ఒకసారి ఇస్తారు. కొన్ని వారానికి, కొన్ని 14 రోజులకు ఉంటాయి. 21 రోజుల సైకిల్‌లో మొదటి వారం వాంతులు, వికారం. రెండో వారం నోటిపూత, కౌంట్ పడిపోవడం. మూడో వారం ఆకలి తిరిగొస్తుంది. ఈ మూడు వారాలకూ గోడకు అంటించిన ఒకే డైట్ చార్టు పనికిరాదు. ఏ వారం వంట ఆ వారందే.

ఒక మాట ముందే చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు, కడుపు లేదా పేగు ఆపరేషన్ అయినవాళ్ళకు కింద చెప్పే లెక్కలు మారతాయి. వాళ్ళు తమ డాక్టరునో డైటీషియన్‌నో అడిగి మార్చుకోవాలి.

మొదటి సైకిల్‌కు ముందే

ఒక నోట్‌బుక్, ఒక బరువు మిషన్. ఇంట్లో మిషన్ లేకపోతే మందుల షాపులోనో ఆర్‌ఎంపీ దగ్గరో ఉంటుంది, కానీ ప్రతిసారీ ఒకే మిషన్ మీద చూడాలి. వారానికి ఒకసారి, పొద్దున్నే, పరగడుపున బరువు చూసి తేదీతో రాయండి. నెలలో 5 శాతం తగ్గితే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, అది పెద్ద తగ్గుదల. తర్వాతి సైకిల్ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాల్సిన విషయం. కాళ్ళు వాచినా, పొట్టలో నీరు చేరినా బరువు తగ్గనట్టే కనిపిస్తుంది కాబట్టి భుజాలు, చెంపలు కూడా గమనించండి. జాకెట్టు వదులైందా, చొక్కా భుజాల దగ్గర జారుతోందా అన్నది ఇంట్లోవాళ్ళకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు.

పుచ్చిన పళ్ళు, ఊడబోతున్న పళ్ళు ఉంటే కీమోకు ముందే దంతవైద్యుడికి చూపించండి. కౌంట్ పడిపోయాక పన్ను పీకడం కుదరదు, ఆ పంటి నుంచే ఇన్ఫెక్షన్ మొదలవ్వొచ్చు. గుట్కా, ఖైనీ, తాగుడు అలవాటు ఉంటే ఇవాళే ఆపాలి. దాంట్లో బేరాల్లేవు.

ఇక లెక్క. కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికైతే 1250 నుంచి 1500 కేలరీలు, 50 నుంచి 75 గ్రాముల ప్రొటీన్. కేలరీల సంగతి మనవాళ్ళకు పెద్ద కష్టం కాదు, అన్నం, సంగటి ఉన్నాయి. దెబ్బ తినేది ప్రొటీన్ దగ్గరే. గుడ్డుకు 6 గ్రాములు. 200 మి.లీ. గ్లాసు పాలకు 6 నుంచి 7. గట్టిగా వండిన కప్పు పప్పుకు 6 నుంచి 7. గుప్పెడు చెనక్కాయలు, అంటే 30 గ్రాములకు 7. ఉడికిన చికెన్ 100 గ్రాములకు 25 దాకా. ఈ లెక్కన రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, రెండు కప్పుల పప్పు, గుప్పెడు చెనక్కాయలు, కప్పు పెరుగు పడితే 50 దాకా చేరుతుంది. అన్నం, సంగటి, రొట్టెల నుంచి వచ్చేది దానికి అదనం. కోడి, పొట్టేలు కొనలేమని బాధపడే ఇళ్ళకు నేను చూపించేది ఈ లెక్కే.

పేషెంటుకు డబ్బా ప్రొటీన్ పౌడర్ కొనాలా అని అందరూ అడుగుతారు. నోటితో గుడ్డు, పాలు, పప్పు తినగలిగినంత కాలం దాని అవసరం చాలామందికి రాదు. గొంతు దిగని రోజుల్లో, గొట్టం ద్వారా తిండి పోసేటప్పుడు అది పనికొస్తుంది. ఆ డబ్బును అప్పటిదాకా గుడ్లకూ పాలకూ పెట్టుకోండి.

రాగిజావను బలంగా చేయడం

కీమో ఇళ్ళలో అందరూ ఇచ్చేది రాగిజావ. మంచిదే. కానీ ఎలా కాస్తున్నారో చూస్తే గుండె తరుక్కుపోతుంది. రెండు చెంచాల పిండి, చెంబెడు నీళ్ళు, చిటికెడు ఉప్పు, పైన పల్చటి మజ్జిగ. ఆ గ్లాసులో వంద కేలరీలు కూడా ఉండవు. రెండే ముద్దలు తినే మనిషి కడుపును దానితో నింపితే ఆ పూట పోయినట్టే.

ఇలా కాచండి. 30 గ్రాముల రాగిపిండి, అంటే మూడు పెద్ద చెంచాలు, ముందు కాసిన్ని చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలపండి. పొయ్యి మీద అర గ్లాసు నీళ్ళు మరిగాక ఈ పిండి పోసి, సన్నటి మంట మీద పచ్చివాసన పోయేదాకా, పిండి రంగు ముదిరి మెరుపు వచ్చేదాకా తిప్పుతూ ఉడికించండి. అప్పుడు గ్లాసు పాలు పోసి ఒక పొంగు రానివ్వండి. దించాక రెండు చెంచాల బెల్లం పొడి, ఒకటిన్నర పెద్ద చెంచా వేయించిన చెనక్కాయల పొడి కలపండి. ఇప్పుడు అదే జావలో సుమారు 350 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. బెల్లం పొయ్యి మీద ఉండగా వేస్తే పాలు విరుగుతాయి, దించాకే వేయండి.

చల్లారేసరికి జావ గట్టిపడిపోతుంది, మింగలేరు. దీనికి మన పాతకాలపు ఉపాయమే ఉంది. రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించండి. మొలకెత్తిన గింజలో పిండిని కరిగించే గుణం వస్తుంది. దాంతో పిండి ఎక్కువ వేసినా జావ పల్చగానే ఉంటుంది. తక్కువ గుక్కల్లో ఎక్కువ బలం దిగుతుంది. మామూలు పిండితో జావ గట్టిపడితే గోరువెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు మొలకల పిండి కలిపి కొద్దిసేపు ఉంచి చూడండి, పల్చబడుతుంది. తర్వాత ఒకసారి మళ్ళీ మరిగించి ఇవ్వండి.

చెనక్కాయల విషయంలో ఒక జాగ్రత్త. అనంతపురం వైపు ఇంట్లో బస్తాలు ఉంటాయి కాబట్టి పాత కాయలు వాడేస్తారు. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయాలి. ఆ బూజులో లివర్‌ను దెబ్బతీసే విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు.

ఇదే సూత్రం మిగతా వంటలకూ వర్తిస్తుంది. పరిమాణం పెంచకుండా బలం పెంచాలి. పప్పన్నంలో చెంచా నెయ్యి వేస్తే 45 కేలరీలు చేరతాయి. ఉగ్గానిలో పప్పుల పొడి రెట్టింపు వేయండి, మిరపకాయ బజ్జీ బదులు ఉడికించిన గుడ్డు పక్కన పెట్టండి. సంగటిలో పిండి పోసేటప్పుడు సగం నీళ్ళ బదులు పాలు వాడొచ్చు, రుచి తేడా పెద్దగా తెలియదు.

కీమో రోజు, ప్రయాణం

కర్నూలులో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నా, ప్రభుత్వ వైద్యసేవ పథకం కింద ఎక్కడ పేరు నమోదైందో, ఎక్కడ ఆపరేషన్ అయిందో దాన్ని బట్టి జనం ఇంకా దూరాలు తిరుగుతూనే ఉన్నారు. అనంతపురం వాళ్ళు బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి, కడప వాళ్ళు తిరుపతికో వేలూరుకో, కర్నూలు వాళ్ళు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి. తెల్లవారుజామున బస్సెక్కి, రక్తపరీక్ష, క్యూ, సెలైన్ అన్నీ అయ్యేసరికి సాయంత్రం అవుతుంది. ఆ రోజంతా టీలతో గడిపేస్తే రాత్రికి వాంతులు ఇంకా ఎక్కువవుతాయి.

డాక్టరు ప్రత్యేకంగా పరగడుపున రమ్మంటే తప్ప ఖాళీ కడుపుతో వెళ్ళకండి. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలో, నెయ్యి లేని పల్చటి ఉప్మానో చాలు. సంచిలో బొరుగులు, రస్కులు, అరటిపండ్లు, చెనక్కాయల ఉండలు, కాచి చల్లార్చిన నీళ్ళు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకోండి. ఏప్రిల్, మే ఎండల్లో బస్సులో పెరుగన్నం మధ్యాహ్నానికే పులిసిపోతుంది, దాన్ని ఇంట్లోనే వదిలేయండి. బస్టాండులో చెరుకురసం, ఐసు వేసిన జ్యూసు వద్దు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కీమో ఎక్కించే రోజు, ఆ మర్నాడు పేషెంటుకు బాగా ఇష్టమైన వంట పెట్టకండి. తిన్నాక వాంతి అయితే మెదడు ఆ రుచికీ వాంతికీ ముడిపెట్టేస్తుంది, తర్వాత నెలల తరబడి ఆ వంట చూస్తేనే కడుపులో తిప్పుతుంది. నాటుకోడి పులుసూ సంగటీ ప్రాణంగా తినే మనిషికి కీమో రాత్రి ప్రేమగా అదే వండిపెట్టి, ఆ తర్వాత ఆ వాసనే పడకుండా చేసుకున్న ఇళ్ళు ఉన్నాయి. దాన్ని మూడో వారానికి దాచండి.

కొన్ని రకాల కీమోలో మూత్రం ఎర్రగా వస్తుంది. డాక్సోరుబిసిన్ అనే మందు రంగే అది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. రక్తమేమోనని టెన్షన్ పడి తిండి ఆపేయకండి.

రెండో రోజు నుంచి ఆరో రోజు దాకా: వికారం

"వద్దులేమ్మా, నోరంతా చేదుగా ఉండాది" అని నాయన పళ్ళెం పక్కకు జరిపే రోజులు ఇవి. ఈ రోజుల్లో బలవంతంగా పెట్టి లాభం లేదు. పెట్టే తీరు మార్చాలి.

మొదట మాత్ర. వాంతులు తగ్గే మాత్రను వాంతి వచ్చాక వేయడం కాదు, డాక్టరు రాసిన వేళకే, తిండికి అరగంట ముందు వేయాలి. వికారం లేదు కదా అని మానేస్తే మర్నాడు దాన్ని ఆపడం కష్టమవుతుంది.

తర్వాత వాసన. మన వంటలో వికారాన్ని రేపేది తాలింపు పొగ, ఎండుమిరపకాయల ఘాటు, ఉల్లిపాయ వేగే వాసన. పేషెంటును అరుగు మీదో, చెట్టు నీడనో కూర్చోబెట్టి అప్పుడు వంట చేయండి. ఒక్క గది ఇల్లయితే తాలింపు పక్కింట్లో వేయించుకున్నా తప్పులేదు. వేడివేడిగా పెడితే వాసన ఎక్కువ వస్తుంది. గోరువెచ్చగా, చల్లారాక పెట్టండి.

మూడు పూటల భోజనం ఈ వారానికి మర్చిపోండి. రెండు గంటలకోసారి, అరచేతిలో పట్టేంత. పొద్దున మంచం దిగకముందే రెండు గుప్పిళ్ళ ఉత్త బొరుగులు లేదా ఒక రస్కు నమిలితే కడుపు కుదుటపడుతుంది. తర్వాత ఇడ్లీ, పప్పుల పొడి. మధ్యలో జొన్న పేలాలు, ఉడికించిన బంగాళదుంప ఉప్పు జల్లి. నీళ్ళు తిండితో పాటు తాగితే కడుపు నిండిపోతుంది, తిండికి అరగంట ముందో తర్వాతో గుక్కగుక్కగా ఇవ్వండి. చిన్న సొంఠి ముక్క చప్పరించడం కొందరికి పనిచేస్తుంది. తిన్న వెంటనే పడుకోనివ్వకండి, గంటసేపు దిండ్లు ఆనించి కూర్చోబెట్టండి.

నోటిలో ఇనుము రుచి వస్తుందని, మాంసం చేదుగా ఉందని అంటారు. ఇంగ్లీషు సలహాల్లో స్టీలు చెంచా మానేసి ప్లాస్టిక్‌ది వాడమని చెబుతారు. చేత్తో తినే మనకు ఆ బాధ ఎలాగూ లేదు. మాంసం పడకపోతే గుడ్డు, పాలు, పెసరపప్పు మీదికి మళ్ళండి. నోటిపూత ఇంకా రాలేదు కాబట్టి నిమ్మకాయ పిండిన చిత్రాన్నం, కాస్త చింతపండు చారు ఈ చేదును కొట్టేస్తాయి. ఈ రోజుల్లో పులుపు స్నేహితుడే.

కొన్ని మందులకు వాటి సొంత నియమాలు ఉన్నాయి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు చల్లటి నీళ్ళు, ఐస్‌క్రీమ్, ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు తగలకూడదు. గొంతు పట్టేసినట్టు, వేళ్ళు తిమ్మిరెక్కినట్టు అవుతుంది. నీళ్ళు కూడా గోరువెచ్చగానే ఇవ్వాలి. క్యాపెసిటబిన్ మాత్రలు తిండి తిన్న అరగంటలోపు వేసుకోవాలి, ఖాళీ కడుపున వద్దు. సిస్ప్లాటిన్ కిడ్నీలకు భారం కాబట్టి ఎన్ని నీళ్ళు తాగాలో వార్డులోనే అడిగి రాసుకోండి. మీకు ఇచ్చే మందుల పేర్లు డిశ్చార్జి కాగితంలో ఉంటాయి. చదవడం రాకపోతే నర్సమ్మతో చదివించుకుని నోట్‌బుక్‌లో తెలుగులో రాయించుకోండి.

ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా: నోరు, కౌంట్

కీమో మందు వేగంగా పెరిగే కణాలన్నిటినీ కొడుతుంది. క్యాన్సర్ కణాలు అలాంటివే, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముక మజ్జ కూడా అలాంటివే. అందుకే ఈ వారంలో నోరు పూస్తుంది, విరేచనాలు అవుతాయి, తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. గుడ్డు పెట్టారు కాబట్టి వేడి చేసి నోరు పూసిందని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. అది మందు పని, గుడ్డుకు సంబంధం లేదు. జేజి మాటకు ఎదురు చెప్పలేక గుడ్డు ఆపేసే కోడళ్ళు ఈ ముక్క ఆమెకే చదివి వినిపించండి.

నోటి సంరక్షణ తిండి కంటే ముందు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఒక చిన్న చెంచా ఉప్పు, ఒక చిన్న చెంచా తినే సోడా కలిపి ఉంచుకుని, తిన్న ప్రతిసారీ, పడుకునే ముందు పుక్కిలించి ఉమ్మాలి. ఏ రోజుకు ఆ రోజు కొత్తగా కలుపుకోవాలి. మెత్తటి బ్రష్. పళ్ళపొడి, ఉప్పుకల్లు, వేపపుల్ల ఈ వారం వద్దు, చిగుళ్ళు చీలతాయి. అంగట్లో దొరికే మంటపుట్టే మౌత్‌వాష్‌లూ వద్దు.

కారం లేకుండా తిండి ఎలా అన్నది మన ప్రాంతంలో పెద్ద ప్రశ్న. ఎర్రకారం దోశ, ఊరుబిండి, గోంగూర పచ్చడితో పెరిగిన నాలుకకు చప్పిడి కూడు పెడితే నాలుగో ముద్దకే లేచిపోతారు. కారం తగలకుండా రుచి రావాలంటే నెయ్యి, జీలకర్ర పొడి, పెసరపప్పు, ఇంగువ, తీపి. పెసరపప్పూ బియ్యమూ ఒకటికొకటి వేసి మెత్తగా ఉడికించిన పులగం, పైన నెయ్యి, వేయించి దంచిన జీలకర్ర. బాగా మెత్తగా చేసిన పెరుగన్నం, ఆవాలు మిరపకాయలు లేకుండా. పాలలో నానేసి మెదిపిన ఇడ్లీ. సేమియా పాయసం, సగ్గుబియ్యం పాయసం. మగ్గిన అరటిపండును పాలలో గిలక్కొట్టి. గుడ్డును పాలతో గిలక్కొట్టి, ఉప్పు వేసి, గిన్నెను ఆవిరి మీద గట్టిపడేదాకా ఉడికిస్తే జున్నులా వస్తుంది, మింగడానికి నొప్పి ఉండదు. జొన్నరొట్టె అంచులు ఈ వారం గాజుముక్కల్లా గుచ్చుకుంటాయి. తినాలనిపిస్తే వేడి పాలలోనో పల్చటి పప్పులోనో చాలాసేపు నానబెట్టి, మెదిపి తినాలి. మొన్నటిదాకా స్నేహితుడైన పులుపు ఇప్పుడు శత్రువు. చింతపండు, నిమ్మ, టమాటా, చీనీకాయ రసం ఆపేయండి. స్ట్రాతో తాగితే పుండ్లకు తగలకుండా దిగుతుంది.

మింగడానికి ముందు నోరు మొద్దుబారే జెల్ డాక్టరు రాసిస్తారు, అడగండి. 5-ఎఫ్‌యూ మందును సిరంజితో ఒకేసారి ఇచ్చేటప్పుడు నోట్లో ఐసుముక్కలు పెట్టుకుంటే పూత తగ్గుతుంది. అయితే అదే రోజు ఆక్సాలిప్లాటిన్ కూడా ఇస్తుంటే ఐసు పనికిరాదు.

ఇక కౌంట్. "కౌంట్ పెరగడానికి ఏ కాయ పెట్టాలి సార్?" అన్నది రోజూ వినే ప్రశ్న. తెల్లకణాలను రెండు రోజుల్లో పెంచే కాయ, ఆకు, రసం ఏదీ లేదు. అవసరమైతే డాక్టరు ఇంజెక్షన్ ఇస్తారు. లేకుంటే మజ్జ తనంతట తాను కోలుకుంటుంది. ఇంట్లో మీరు చేయగలిగింది సూక్ష్మజీవి లోపలికి పోకుండా చూడటం. ముందుగా సద్ది. రాత్రి సంగటిని నీళ్ళలోనో మజ్జిగలోనో వేసి పొద్దున తినడం మనకు అలవాటు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అది చక్కటి తిండే. కౌంట్ పడిన మనిషికి మాత్రం వద్దు. ఏ పూట వండింది ఆ పూటే. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచకండి, ఎండాకాలంలో గంటే. కరెంటు పోయి వచ్చే ఊళ్ళలో ఫ్రిజ్‌ను గుడ్డిగా నమ్మొద్దు. సగం ఉడికిన గుడ్డు, కాచని పాలు, పచ్చి చట్నీలు, పానీపూరి, హోటల్ సలాడ్, పెళ్ళిభోజనం ఈ వారం మానాలి. పాలు పొంగించి కాచాలి. తాగే నీళ్ళు బాగా మరిగించి చల్లార్చాలి. క్యాను నీళ్ళయినా సరే.

పండ్లు పూర్తిగా మానేయాలన్న పాత నియమం వల్ల లాభం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు. కడిగి, తొక్క తీసుకుని తినే అరటి, మామిడి, దానిమ్మ ఇంట్లో కోసుకుని తినొచ్చు. బనగానపల్లె మామిడి సీజన్‌లో కీమో పడితే ఆ పండును కాదనకండి. రోడ్డు మీద కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు వేరు సంగతి. ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు మామూలుగా తినొచ్చు. మీ ఆసుపత్రివాళ్ళు వద్దంటే వాళ్ళ మాటే వినండి.

థర్మామీటరు ఇంట్లో ఉండి తీరాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తే జ్వరం మాత్ర వేసి పొద్దునదాకా చూద్దామనుకోవద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. కీమో తీసుకుంటున్నామన్న సంగతి క్యాజువాలిటీలో మొదటి మాటగా చెప్పండి.

విరేచనాలు, మలబద్ధకం

రెండూ ఒకే సైకిల్‌లో రావచ్చు. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర మలబద్ధకం తెస్తుంది. విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు కూడా అంతే. నీళ్ళు, రాగులు, ఉడికించిన ఆకుకూర, నానబెట్టిన ఎండుద్రాక్ష, కాస్త నడక సాయం చేస్తాయి. మూడు రోజులు కాకపోతే డాక్టరును అడిగి మందు తెచ్చుకోండి. కౌంట్ తక్కువగా ఉన్నప్పుడు ఎనిమా ఇంట్లో ఇవ్వకూడదు.

విరేచనాలయితే రాగులు, జొన్నలు, ఆకుకూరలు, నూనె, ఉత్త పాలు కొద్ది రోజులు ఆపి గంజి, పెరుగన్నం, అరటిపండు, సగ్గుబియ్యం జావ, ఉడికించిన బంగాళదుంప పెట్టండి. ఓఆర్‌ఎస్ పొట్లం దాని మీద రాసినన్ని నీళ్ళలో, పెద్ద పొట్లమైతే లీటరు నీళ్ళలో, మొత్తం ఒకేసారి కలపాలి, సగం పొట్లం గ్లాసులో కాదు. పొట్లం లేకపోతే లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, కొలతకు గీసినట్టు సమంగా. మామూలు కంటే రోజుకు నాలుగుసార్లు ఎక్కువైతే ఫోన్ చేయాలి. ఐరినోటెకాన్, క్యాపెసిటబిన్ మందులు తీసుకునేవాళ్ళు ఇంకా త్వరగా చెప్పాలి.

పదిహేనో రోజు నుంచి: తిండి వారం

కౌంట్ లేస్తుంది, నోరు మానుతుంది, ఆకలి వస్తుంది. చాలా ఇళ్ళలో ఈ వారాన్ని వృథా చేస్తారు. వాంతుల వారంలో పడిన భయంతో ఇప్పుడు కూడా ఇడ్లీ, చారే పెడుతుంటారు. మొదటి రెండు వారాల్లో పోయిన కిలోను తిరిగి ఎక్కించాల్సింది ఇప్పుడే. నాటుకోడి, సంగటి, చేపల పులుసు, తలకాయ కూర, అలసంద వడలు, పప్పూ నెయ్యీ, ఓళిగలు. తిననివ్వండి. మాంసం బాగా ఉడికిందా అన్నది ఒక్కటే షరతు. శాకాహారులకు మీల్‌మేకర్, పనీరు, అలసందలు, మినప సున్నుండలు. పొద్దునా సాయంత్రం ఇంటి చుట్టూ పావుగంట నడిపించండి, తిన్నది కండగా మారాలంటే కదలిక కావాలి.

బరువు పెరిగిపోయేవాళ్ళూ ఉంటారు. రొమ్ము క్యాన్సర్‌కు కీమో తీసుకునే ఆడవాళ్ళలో ఇది మామూలే. స్టెరాయిడ్ మాత్రలు ఆకలిని పెంచుతాయి. వాళ్ళకు నెయ్యి, బెల్లం తగ్గించి ప్రొటీన్ అలాగే ఉంచాలి. అదే స్టెరాయిడ్ షుగర్‌ను అమాంతం పెంచుతుంది కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళు కీమో తర్వాతి రెండు మూడు రోజులు తప్పనిసరిగా చెక్ చేసుకోవాలి.

చక్కెర గడ్డకు మేత అన్న మాట గురించి. ఒంట్లోని ప్రతి కణమూ చక్కెరను వాడుకుంటుంది. మీరు బెల్లం మానేసినంత మాత్రాన గడ్డ పస్తుండదు. శరీరం తన కండనే కరిగించి చక్కెర తయారు చేసుకుంటుంది. జావలో రెండు చెంచాల బెల్లానికి భయపడాల్సిన పనిలేదు.

తిప్పతీగ రసం, లక్ష్మణఫలం ఆకు కషాయం, గోధుమగడ్డి రసం, పసుపు క్యాప్సూళ్ళు తెచ్చిచ్చే చుట్టాలు ప్రతి ఇంటికీ ఉంటారు. కూరలో వేసే పసుపు వేరు, మోతాదు లేని కషాయం వేరు. తిప్పతీగతో లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. లివర్ పరీక్ష చెడితే కీమో ఆగుతుంది. తెచ్చినవాళ్ళ మనసు నొప్పించకుండా తీసుకుని అటకెక్కించండి. ఒకవేళ ఇప్పటికే తాగుతుంటే డాక్టరు దగ్గర దాచకండి.

నోటితో దిగనప్పుడు

నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్‌లో ముక్కు గొట్టం పెడతామంటే "ఇంక అయిపోయినట్టే" అనుకుని ఏడుస్తారు. చాలామందికి అది కొన్ని వారాల ఏర్పాటే. పుండు మానాక తీసేస్తారు. గొట్టం వద్దని పట్టుబట్టి పది కిలోలు తగ్గాక ఒప్పుకునే కంటే, మింగడం కష్టమైన రోజే ఒప్పుకోవడం మేలు.

గొట్టంలో పోసే తిండి పల్చటి చారు, కొబ్బరినీళ్ళు అయితే కడుపు నిండుతుంది, బలం రాదు. పాలతో కాచిన మొలకల రాగిజావ, మెత్తగా రుబ్బి వడకట్టిన పప్పన్నం, బాగా ఉడికించి పాలలో రుబ్బిన గుడ్డు, డాక్టరు చెబితే ప్రొటీన్ పౌడర్. అన్నీ సన్నటి జల్లెడలో రెండుసార్లు వడకట్టాలి. మనిషిని కూర్చోబెట్టి లేదా తల వైపు బాగా ఎత్తి, గోరువెచ్చగా, సిరంజి నుంచి దానంతటదే దిగేలా నెమ్మదిగా, ఒక్కో విడతకు 200 నుంచి 250 మి.లీ. పోయండి. పోసే ముందు, పోశాక 30 మి.లీ. కాచిన నీళ్ళు పంపితే గొట్టం పూడుకుపోదు. ఆ తర్వాత అరగంట పడుకోబెట్టకండి. గొట్టం మీద ముక్కు దగ్గర పెన్నుతో గీత పెట్టుకోండి. ఆ గీత జరిగినట్టు కనిపించినా, పోస్తుంటే దగ్గు వచ్చినా వెంటనే ఆపి, ఆసుపత్రిలో చూపించేదాకా ఇంకేమీ పోయకండి.